రెండు పెట్టెలు, ఒకే తీగ

మంచానికి తలవైపు కోళ్ళ కింద
రెండేసి ఇటుకలు పెట్టాం.
ఒనోఫ్రే నిద్రలోనూ వాలు మీదే ఉంటాడు.
తెల్లారేసరికి దుప్పటీతో సహా
పాదాలవైపు జారిపోయి
"బ్రేకు పట్టలేదు నోల్ఫా" అంటాడు.

ముప్పై నాలుగేళ్ళు వాల్పరైసోలో
కొండ లిఫ్టు నడిపిన మనిషి.
ఒక పెట్టె ఎక్కుతుంటే ఇంకోటి దిగుతుంది.
నడిమధ్యలో కిటికీలు ఎదురుపడి
చేపల బుట్టలవాళ్ళూ బడిపిల్లలూ
ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకుంటారు,
అంతే, ఎవరి దారి వాళ్ళది.
తీగ ఒకటే. బరువును బరువే లాగుతుంది.

అతనికి డాక్టరమ్మ ఉర్రెహోలా
నరాల బొమ్మ గీసి చూపించబోతే
"అర్థమైంది, పైకి వెళ్ళే పెట్టె ఖాళీగా వెళ్తోంది"
అన్నాడు, కాగితం చూడకుండానే.

చేతి వణుకు అందరికీ కనిపిస్తుంది.
రొట్టెల కొట్లో వరస వదులుతారు,
చిల్లర ఏరి అరచేతిలో పెడతారు.
ఇది కనపడదు.
కుర్చీలోంచి తను లేస్తాడు,
నెత్తురు లేవదు.
నీరు పల్లమెరుగు,
పిక్కల్లోకి దిగి అక్కడే కూచుంటుంది.
కళ్ళు బైర్లు కమ్ముతాయి,
మెడ వెనక కోటు కొక్కెం తగిలించినట్టు నొప్పి.
మాట సగంలో ఆపేసి
ఎవరింటికో వచ్చినట్టు నన్ను చూస్తాడు.
చాన్నాళ్ళు నేను దాన్ని అలక అనుకున్నాను.
బదులుగా నేనూ అలిగాను.

నోటుబుక్కులో నా రాత:
పడుకుని, నూట డెబ్బై రెండు.
నిలబడి మూడు నిమిషాలకి, ఎనభై ఎనిమిది.
మధ్యలో మా కొండ పట్టేంత చోటు.

ఇక ఉప్పు సంగతి.
ఇరవయ్యేళ్ళు ఉప్పుడబ్బా పై అరలో
అతనికందకుండా దాచినదాన్ని,
ఇప్పుడు నేనే పులుసులో రెండోసారి చల్లుతున్నాను.
ఆలివ్ కాయలు ఊరిన నీళ్ళు పారబోయడం లేదు.
పగలు నిలబెట్టిన ఉప్పే
రాత్రి వెల్లకిలా పడుకుంటే మీదకొస్తుంది.
చెవుల్లో ఓడ ఇంజను మోగుతోందంటాడు.
ఎటు పట్టుకున్నా ఒకవైపు కాలుతుంది.

మేజోళ్ళు! తొడల దాకా, బిగుతుగా,
పక్క దిగకముందే ఎక్కించాలి.
గిన్నెలు తోమే రబ్బరు తొడుగులు వేసుకుని
నేను లాగుతుంటే
రేవులో నేర్చిన బూతులన్నీ తిడతాడు,
నన్ను కాదు, మేజోళ్ళని.

సెప్టెంబరులో తమ్ముడింట్లో విందు.
కడుపునిండా తిన్నాక, ఒక గ్లాసు వైన్ తాగాక
మాట్లాడతానని లేచాడు.
"మిత్రులారా" వరకూ వచ్చాడు.
బల్ల అంచు. కనుబొమ్మ మీద మూడు కుట్లు.
తాగి పడ్డాడనుకున్న మరదలు
పిల్లల్ని పక్కగదిలోకి తోసింది.
ఆ తలుపు చప్పుడు
దెబ్బకంటే ఎక్కువ నొప్పి పెట్టిందన్నాడు ఇంటికొచ్చాక.

ఆ మర్నాటి నుంచే ఈ పద్ధతి.
కింది స్టేషను గంట కొట్టందే
పైవాడు బ్రేకు వదలకూడదు, అది వాళ్ళ రూలు.
మంచం అంచున కూచుంటాడు.
రెండు గ్లాసుల చన్నీళ్ళు.
మడమలు ఎత్తి దించి, తొడలు బిగించి,
వంటింటివైపు చెవి పెడతాడు.
నేను చెంచాతో గ్లాసు మీద
రెండుసార్లు కొడతాను.
కొట్టడం మర్చిపోయి
పాలు పొంగుతున్నాయని పరిగెత్తిన రోజున
పావుగంట కదలకుండా కూచున్నాడు,
ఉద్యోగం పోయేలా ఉందన్నంత ముఖంతో.

ఇవాళ గంట కొట్టాను.
లేచాడు. కిటికీ చట్రం పట్టుకున్నాడు.
నూట నాలుగు.
ఆరు నిమిషాలు నిలబడి గెడ్డం గీసుకున్నాడు,
ఎడమ చెంప పూర్తిగా.
కుడిది స్టూలు మీద కూచుని.